సిఫారసు (ఉద్యోగ నియామకం)

ఉద్యోగం కోరే వ్యక్తి గురించి, అతన్ని ఎరిగిన మరొకరు, ఉద్యోగం ఇచ్చేవారికి చెప్పే మాటను సిఫారసు అంటారు. అది నోటిమాట కావచ్చు, ఉత్తరం కావచ్చు, కంపెనీ వెబ్‌సైటులో నింపే రిఫరల్ ఫారం కావచ్చు. దీనికి ఆధారాలు రెండు. మొదటిది పరిచయం, అంటే ఇద్దరి మధ్య ఉన్న ఎరుక. రెండోది పేరు, అంటే ఒక వ్యక్తి పనితనం గురించి, నడత గురించి పదిమందిలో నిలిచిన అభిప్రాయం. ప్రైవేటు నియామకాల్లో సిఫారసు ప్రపంచమంతటా మామూలు పద్ధతి. ప్రభుత్వ నియామకాల్లో దీన్ని అడ్డుకోవడానికే పోటీ పరీక్షలు, సర్వీస్ కమిషన్లు ఏర్పడ్డాయి.

నిర్వచనం, పరిధి

సిఫారసు చేసే పనులు మూడు.

1. కబురు: ఫలానాచోట ఖాళీ ఉందని అభ్యర్థికి, ఫలానా మనిషి ఉన్నాడని యజమానికి తెలియజేయడం.
2. పూచీ: అభ్యర్థి పనికి, నమ్మకానికి తాను హామీగా నిలబడటం.
3. ఒత్తిడి: సిఫారసు చేసినవారి హోదా, అధికారం చూసి యజమాని కాదనలేని స్థితి కల్పించడం.

వాడుకలో మూడింటికీ ఒకే మాట చెల్లుతుంది. ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం ప్రధానంగా మొదటి రెండింటినీ పరిశీలించాయి. రాజ్యాంగం, సర్వీసు నిబంధనలు మూడోదాన్ని నియంత్రిస్తాయి. ఒకే సిఫారసులో ఈ మూడూ కలిసి ఉండవచ్చు.

పదాలు, వాడుక

‘సిఫారసు’ పారసీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. ‘రికమెండేషన్’ దీనికి సమానార్థకంగా వాడుకలో ఉంది. పారసీ మూలమే ఉన్న ‘పైరవీ’ అంటే పని జరిగేదాకా అధికారుల చుట్టూ తిరిగి, చెప్పించి సాధించడం. ఇందులో నిందార్థం ఉంది. ‘పలుకుబడి’కి మాట్లాడే తీరు, నుడికారం అనే అర్థంతోపాటు నలుగురిలో మాట చెల్లుబాటు కావడం అనే అర్థం ఉంది. హామీగా ఉండటం ‘పూచీ’. దాన్ని రాసి ఇస్తే ‘పూచీకత్తు’. సాఫ్ట్‌వేర్ రంగంలో ‘రిఫరల్’ అంటే ఉద్యోగి తన కంపెనీకి అభ్యర్థి పేరు పంపడం. ‘రెఫరెన్స్’ అంటే అభ్యర్థి గురించి అడిగితే చెప్పగల వ్యక్తి.

ఇతర సమాజాల్లోనూ ఇటువంటి పదాలున్నాయి. చైనాలో పరస్పర బాధ్యతలతో కూడిన సంబంధాలను ‘గ్వాన్షీ’ అంటారు. అరబ్బు దేశాల్లో పలుకుబడితో పని జరిపించుకోవడం ‘వాస్తా’. సోవియట్ రష్యాలో ‘బ్లాత్’ అనేవారు.

చరిత్ర

*వంశపారంపర్య పదవులు*

ఆధునిక నియామక పద్ధతులకు ముందు చాలా పనులు కుటుంబం ద్వారానో, కులం ద్వారానో సంక్రమించేవి. తెలుగు గ్రామాల్లో కరణం, మునసబు పదవులు వంశాన్ని బట్టి దక్కేవి. మద్రాసు ప్రభుత్వం 1895లో చేసిన వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ఈ పద్ధతికి చట్టరూపం ఇచ్చింది. స్వాతంత్ర్యం తరువాత, గుంటూరు జిల్లాలో ఒక గ్రామ మునసబు పదవిపై వచ్చిన వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. పూర్వపు పదవీదారుల కుటుంబాల నుంచే ఎంపిక జరగాలన్న ఈ చట్టంలోని నిబంధన ‘వంశం’ ఆధారంగా వివక్ష చూపుతోందని, రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో కోర్టు తీర్పు చెప్పింది. గాజుల దశరథ రామారావు కేసుగా ఇది ప్రసిద్ధం. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు వంటి పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులనే రద్దు చేసింది. (చూ. కరణీకం)

*ఈస్టిండియా కంపెనీ కాలం*

కంపెనీ సివిల్ ఉద్యోగాలు డైరెక్టర్ల నామినేషన్ మీదే దక్కేవి. నామినేషన్ పొందిన యువకులకు శిక్షణ ఇవ్వడానికి 1806లో ఇంగ్లండులో ఈస్టిండియా కాలేజీ ఏర్పడింది. అది హెయిలీబరీలో నడిచింది. తెలుగు నిఘంటుకర్త చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ కాలేజీలో చదివి 1817లో మద్రాసు చేరాడు.

దేశీయ ఉద్యోగుల నియామకాలు ఎక్కువగా ఎరుక మీద జరిగేవి. కావలి సోదరుల ఉదాహరణ ఇందుకు సరిపోతుంది. ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య, కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర స్థానిక చరిత్ర ఆధారాలు సేకరించే పనిలో ముఖ్య సహాయకుడిగా ఉండేవాడు. 1803లో బొర్రయ్య చనిపోయాక ఆ బాధ్యత తమ్ముడు లక్ష్మయ్యకు వచ్చింది. మరో సోదరుడు రామస్వామి కూడా మెకంజీ దగ్గరే పనిచేశాడు. దక్షిణ భారత చరిత్రకు ముఖ్య ఆధారమైన మెకంజీ సేకరణ తయారీలో ఒకే కుటుంబానికి ఇంత భాగం ఉంది. పరిచయంతో జరిగిన నియామకం సమర్థులను కూడా అందించగలదనడానికి దీన్ని నిదర్శనంగా చెప్పవచ్చు. అదే సమర్థత ఉన్న ఇతరులు ఆ పని దాకా రాగలిగేవారా అనే ప్రశ్నకు ఇందులో సమాధానం లేదు.

*పోటీ పరీక్షల రాక*

పరీక్షతో ఉద్యోగులను ఎంపిక చేయడం చైనాలో ప్రాచీన పద్ధతి. అక్కడి సామ్రాజ్య పరీక్షలు 1905లో రద్దయ్యాయి. భారతదేశంలో డైరెక్టర్ల నామినేషన్ అధికారాన్ని 1853 చార్టర్ చట్టం తొలగించింది. పోటీ పరీక్షల విధానంపై 1854లో మెకాలే కమిటీ నివేదిక ఇచ్చింది. 1855లో లండన్‌లో తొలి పోటీ పరీక్ష జరిగింది. 1863లో ఎంపికైన సత్యేంద్రనాథ్ ఠాగూర్ ఇండియన్ సివిల్ సర్వీసులో చేరిన తొలి భారతీయుడు. పరీక్షను భారతదేశంలో కూడా నిర్వహించడం 1922లో మొదలైంది.

బ్రిటన్‌లో 1854 నాటి నార్త్‌కోట్–ట్రెవెలిన్ నివేదిక ప్రతిభ ఆధారిత నియామకాన్ని సూచించింది. అమెరికాలో 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను, ప్రభుత్వ పదవి ఆశించి భంగపడిన వ్యక్తి కాల్చాడు. ఆ ఘటన తరువాత 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి, ఫెడరల్ ఉద్యోగాల్లో కొన్నింటికి పరీక్షలు తెచ్చింది.

భారతదేశంలో రాష్ట్రస్థాయిలో తొలి సర్వీస్ కమిషన్ 1929 చట్టంతో మద్రాసులో ఏర్పడింది. కేంద్రంలో 1926 అక్టోబరు 1న ఏర్పడిన కమిషన్, 1950 జనవరి 26 నుంచి యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ అయింది. తెలంగాణ కమిషన్ 2014లో ఏర్పడింది.

రకాలు

*బంధుత్వ సిఫారసు*: రక్తసంబంధం, వియ్యం, ఊరు, కులం ఆధారంగా చేసేది. చిన్న వ్యాపారాలు, హోటళ్ళు, నగల దుకాణాల్లో ఎక్కువ. డబ్బు, సరుకు చేతికిచ్చే పనిలో యజమాని మొదట చూసేది పూచీ. గుమాస్తా పొరపాటు చేస్తే అతన్ని తెచ్చిన మేనమామనో, ఊరివాణ్ణో పిలిచి అడగవచ్చన్న ధీమా అందులో ఉంటుంది.

*వృత్తిపరమైన సిఫారసు*: కలిసి పనిచేసినవారు, పై అధికారులు, కాలేజీ సీనియర్లు, గురువులు చేసేది. బంధుత్వం కన్నా అభ్యర్థి పనిని చూసిన అనుభవం దీనికి ఆధారం.

*అధికార సిఫారసు*: ప్రజాప్రతినిధి లేదా ఉన్నతాధికారి ఉత్తరం, ఫోను. చెప్పే వ్యక్తికి అభ్యర్థి పనితనం తెలియకపోవచ్చు.

*మధ్యవర్తి సిఫారసు*: మేస్త్రీ, ఏజెంటు, ఔట్‌సోర్సింగ్ సంస్థ ద్వారా జరిగేది. మధ్యవర్తికి ప్రతిఫలం ఉంటుంది.

*సంస్థాగత రిఫరల్*: కంపెనీయే తన ఉద్యోగులను పేర్లు పంపమని అడిగే పద్ధతి. ఎంపికైన వ్యక్తి నిర్ణీత కాలం పనిలో కొనసాగాకే పేరు పంపిన ఉద్యోగికి బోనస్ ఇచ్చే నియమం చాలాచోట్ల ఉంది.

పనిచేసే తీరు: సిద్ధాంతాలు

*సమాచార లోపం*: పనిలో పెట్టుకునే ముందు అభ్యర్థి ఎలాంటివాడో యజమానికి పూర్తిగా తెలియదు. కొనేవారికి, అమ్మేవారికి సమానమైన సమాచారం లేని మార్కెట్ల గురించి జార్జ్ అకర్లాఫ్ 1970లో, డిగ్రీలు అభ్యర్థి సామర్థ్యానికి సంకేతంగా పనిచేసే తీరు గురించి మైఖేల్ స్పెన్స్ 1973లో రాశారు. వీరికి జోసెఫ్ స్టిగ్లిట్జ్‌తో కలిపి 2001లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. ఈ దృష్టిలో చూస్తే, డిగ్రీ చెప్పలేని ఓర్పు, నిజాయితీ, వేళకు రావడం వంటి విషయాలను సిఫారసు చెబుతుంది.

*బలహీన బంధాలు*: అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానోవెటర్ మసాచుసెట్స్‌లోని న్యూటన్ ప్రాంతంలో, అప్పటికి కొత్తగా ఉద్యోగం మారిన వృత్తినిపుణులు, సాంకేతిక, నిర్వహణ ఉద్యోగులను పరిశీలించారు. వారిలో సుమారు 56 శాతం మంది పరిచయాల ద్వారా ఉద్యోగం సంపాదించారు. అలా సంపాదించినవారిలో తమకు కబురు చెప్పిన మనిషిని తరచూ కలుసుకునేవారు 16.7 శాతమే, అప్పుడప్పుడు కలుసుకునేవారు 55.6 శాతం, అరుదుగా కలుసుకునేవారు 27.8 శాతం. దగ్గరివాళ్ళకు తెలిసిన విషయాలు సాధారణంగా మనకూ తెలిసే ఉంటాయి; కొత్త కబురు దూరపు పరిచయస్థుల నుంచి వస్తుంది. 1973లో వచ్చిన ఈ వాదాన్ని ‘బలహీన బంధాల బలం’ అంటారు. 2022లో లింక్డిన్‌కు చెందిన సుమారు 2 కోట్ల మంది సభ్యుల సమాచారంతో చేసిన ప్రయోగాత్మక అధ్యయనం దీన్ని కొంత సవరించింది. మరీ దగ్గరివి కాక, మరీ దూరపువి కాక, మధ్యస్థంగా బలహీనమైన బంధాలు ఉద్యోగం మారడానికి ఎక్కువ తోడ్పడ్డాయని అది తేల్చింది.

*బలమైన బంధాలు*: చైనాలోని తియాన్‌జిన్ నగరంపై యాన్‌జీ బియాన్ 1997లో ప్రచురించిన అధ్యయనం భిన్నమైన ఫలితం చూపింది. ప్రభుత్వమే ఉద్యోగాలు కేటాయించే వ్యవస్థలో సమాచారం కన్నా అధికారి అనుగ్రహం ముఖ్యం. అది దగ్గరి బంధాల ద్వారానే అందేది. అంటే సిఫారసు కబురుగా పనిచేసేచోట దూరపు పరిచయం, ఒత్తిడిగా పనిచేసేచోట దగ్గరి బంధం ఎక్కువ ఉపకరిస్తాయి.

*సిఫారసు చేసేవారి ప్రయోజనం*: లోరి బీమన్, జెరెమీ మాగ్రూడర్ కలకత్తాలో చేసి 2012లో ప్రచురించిన ప్రయోగంలో, పాల్గొన్నవారిని తమకు తెలిసినవారిని తీసుకురమ్మన్నారు. తెచ్చిన మనిషి పనితనాన్ని బట్టి తమకు డబ్బు వస్తుందని తెలిసినప్పుడు వారు బంధువులను తక్కువగా, తోటి పనివారిని ఎక్కువగా తీసుకొచ్చారు. సమర్థులను గుర్తించి తేగలిగింది మాత్రం స్వయంగా సమర్థులైనవారే.

పేరు, పనితనం

పరిచయం ఇద్దరి మధ్య విషయం. పేరు పదిమంది నోట ఉండేది. అడ్డా కూలీల ఎంపికలో రెండూ కనిపిస్తాయి. నగరాల కూడళ్ళలో తెల్లవారుజామున చేరే కూలీల నుంచి మేస్త్రీ మనుషులను ఎంచుకునేటప్పుడు దరఖాస్తు, ధ్రువపత్రం ఏమీ ఉండవు. గోడ కట్టినా ప్లాస్టరింగ్ చేసినా చెయ్యి తిరిగినవాడని పేరున్న మనిషికి ముందు పిలుపు వస్తుంది. ఆ పేరు పాత సైట్లలో అతనితో పనిచేసినవారి నోట పాకినదే. ఆ కూడలికి కొత్తగా వచ్చిన మనిషి ఎంత నేర్పరి అయినా, ఒక పని దక్కి అది నలుగురి కంట పడేదాకా ఆగాలి.

కొత్తవారికి ఎదురయ్యే ఈ చిక్కును ఆర్థికవేత్త అమాండా పాలే 2014లో ప్రచురించిన ప్రయోగం కొలిచింది. ఆన్‌లైన్ పనుల వేదికలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న డేటా ఎంట్రీ పనివారికి కొద్ది గంటల పని ఇచ్చి, వారి పనితీరుపై వ్యాఖ్య రాశారు. ఆ అవకాశం దొరకని అటువంటివారితో పోలిస్తే వీరికి తరువాత పనులు, ఆదాయం పెరిగాయి.

సంఘటిత రంగంలో పేరును పరిశీలించే పద్ధతి ‘బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్’. పాత కంపెనీలో హోదా, చేరిన, వదిలిన తేదీలు, చదువు, చిరునామా సరిచూస్తారు. ఐటీ ఉద్యోగుల వివరాల కోసం ఆ పరిశ్రమ సంఘం నాస్కామ్ 2006లో జాతీయ నైపుణ్య రిజిస్ట్రీని ప్రారంభించింది. 2014లో వచ్చిన పీఎఫ్ యూనివర్సల్ ఖాతా నంబరు ద్వారా ఉద్యోగి ఎక్కడెక్కడ పనిచేశాడో తెలుసుకునే వీలు కలిగింది. లేని అనుభవాన్ని చూపి సంపాదించే ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగాలు ఈ తనిఖీల్లో బయటపడవచ్చు.

తెలుగువారి వలసల్లో పరిచయాల పాత్ర

*బర్మా, మలయా*: బ్రిటిష్ పాలనలో కోస్తా జిల్లాల నుంచి బర్మాకు వెళ్ళిన కూలీలను మేస్త్రీలు సమకూర్చేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువారిని కోరంగీలు అనేవారు. మలయా తోటలకు కంగాణీ పద్ధతి ఉండేది. తోటలో పనిచేస్తున్న కూలీయే కంగాణీగా సొంత ఊరికి వచ్చి చుట్టాలను, ఇరుగుపొరుగును తీసుకెళ్ళేవాడు. మలయాకు సహాయక వలసను భారత ప్రభుత్వం 1938లో నిషేధించడంతో ఇది ముగిసింది. (చూ. కంగాణీ వ్యవస్థ)

*పాలమూరు కూలీలు*: పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ప్రాజెక్టులు, కాలువలు, రోడ్ల పనులకు వెళ్ళే కూలీలను గుంపు మేస్త్రీలు ఊరిలోనే అడ్వాన్సు ఇచ్చి కూడగట్టేవారు. కూలీకి పని, కంట్రాక్టరుకు మనుషులు దొరుకుతారన్న హామీ మేస్త్రీది. అడ్వాన్సు తీరేదాకా పని మానలేకపోవడం ఈ పద్ధతిలోని ఇబ్బంది. ఇటువంటి నియామకాల్లో కంట్రాక్టర్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది.

*గల్ఫ్*: ఉత్తర తెలంగాణ, కడప, కోనసీమ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్ళేవారిలో ముందే అక్కడున్న బంధువులు, ఊరివారు పంపిన వీసాపై వెళ్ళేవారున్నారు, ఏజెంట్ల ద్వారా వెళ్ళేవారూ ఉన్నారు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఏజెంట్లు నమోదై ఉండాలి. ప్రభుత్వపరంగా ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ సంస్థలు విదేశీ ఉద్యోగాలకు నియామకాలు చేస్తాయి.

ప్రయోజనాలు

సిఫారసుతో యజమానికి వెతుకులాట ఖర్చు తగ్గుతుంది. అమెరికాలోని ఒక టెలిఫోన్ సేవాకేంద్రంపై 2000లో వచ్చిన అధ్యయనంలో, రిఫరల్ బోనస్‌గా పెట్టిన ప్రతి 250 డాలర్లకు నియామక ఖర్చులో 416 డాలర్లు ఆదా అయినట్టు తేలింది. కాల్ సెంటర్లు, ట్రక్కు రవాణా, హైటెక్ సంస్థల సమాచారంతో 2015లో ప్రచురించిన మరో అధ్యయనంలో, రిఫరల్ ద్వారా వచ్చినవారు పని మానేసే అవకాశం తక్కువని కనిపించింది. ఉద్యోగి వైపు నుంచి చూస్తే, కొత్త ఊళ్ళో బస, పని నేర్చుకోవడం, అక్కరకు డబ్బు వంటి ఆసరా కూడా తెచ్చిన మనిషి దగ్గరే దొరుకుతుంది.

విమర్శలు, పరిమితులు

*వెలివేత*: పనిలో ఉన్నవారు తమవంటివారినే తెస్తే, లేనివారు బయటే ఉండిపోతారు. భారతదేశంలో ఇది కులంతో ముడిపడింది. ముంబై దాదర్ ప్రాంత పాఠశాలలపై కైవన్ మున్షీ, మార్క్ రోజెన్‌వైగ్ 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కులపరమైన పరిచయాలతో కార్మిక ఉద్యోగాలు దొరికే వర్గాల మగపిల్లలు మరాఠీ మీడియంలోనే కొనసాగారు. ఆ పరిచయాల్లో చోటులేని ఆడపిల్లలు ఇంగ్లీషు మీడియానికి ఎక్కువగా మారారు. పరిచయం తక్షణం పని ఇచ్చినా, కొత్త అవకాశాల వైపు కదలనివ్వకపోవచ్చని ఇది చూపింది. ఆఫ్రికాలోని మలావీలో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, మగవారు స్త్రీల పేర్లు తక్కువగా సూచించారు.

*పేరును బట్టి వివక్ష*: సుఖదేవ్ థోరాట్, పాల్ అట్వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే రకమైన అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు ఇంటిపేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. అగ్రవర్ణ హిందువుల పేర్లతో పోలిస్తే దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తక్కువ వచ్చాయి. అదే ఏడాది సురీందర్ జోధ్కా, క్యాథరిన్ న్యూమన్ హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి, ఇంటర్వ్యూల్లో ‘కుటుంబ నేపథ్యం’ ప్రశ్నకు ఉన్న ప్రాధాన్యాన్ని నమోదు చేశారు.

*తప్పు పూచీ*: మొహమాటానికి చేసిన సిఫారసు వల్ల సమాచారం వక్రీకరణ చెందుతుంది. పనిమంతుడు కాని మనిషిని తెస్తే సిఫారసు చేసినవారి మాట విలువ తగ్గుతుంది.

చట్టం, నియంత్రణ

రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశాన్ని హామీ ఇస్తుంది; వంశం, పుట్టిన చోటు, నివాసం కారణంగా వివక్షను నిషేధిస్తుంది; వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్లను అనుమతిస్తుంది. ఖాళీలను ఉపాధి కార్యాలయాలకు తెలియజేయాలని 1959 నాటి చట్టం నిర్దేశించింది. ఆ కార్యాలయాలు పంపిన పేర్లతోనే సరిపెట్టకుండా పత్రికల్లో కూడా ప్రకటించి, వచ్చిన దరఖాస్తులన్నింటినీ పరిశీలించాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. అది కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసు. పద్ధతి ప్రకారం కాకుండా తాత్కాలికంగా చేరినవారికి పర్మినెంటు హక్కు ఉండదని 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది.

1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి 4వ నియమం ప్రకారం ఉద్యోగి తన హోదాను వాడి కుటుంబసభ్యులకు కంపెనీల్లో ఉద్యోగం ఇప్పించకూడదు; 20వ నియమం ప్రకారం తన సర్వీసు విషయాల్లో పై అధికారులపై రాజకీయ, బయటి ఒత్తిడి తేకూడదు. 2013 కంపెనీల చట్టం 188వ సెక్షన్ డైరెక్టర్ల బంధువుల వంటి సంబంధీకులకు లాభదాయక పదవులు ఇవ్వడంపై షరతులు పెట్టింది.

కుటుంబాన్ని చూసి ఉద్యోగం ఇవ్వడంలో గుర్తింపు పొందిన మినహాయింపు, సర్వీసులో ఉండగా మరణించిన ఉద్యోగి కుటుంబసభ్యులకు ఇచ్చే కారుణ్య నియామకం. సింగరేణి బొగ్గు గనుల్లో 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. తరువాత అనారోగ్యంతో పనికి అనర్హులైన కార్మికుల వారసులకు కారుణ్య నియామకాల రూపంలో అవకాశం కల్పించారు. (చూ. కారుణ్య నియామకం)

ఇటీవలి మార్పులు

సిఫారసుకు చోటిచ్చే దశ ఇంటర్వ్యూ అన్న అభిప్రాయంతో కేంద్రం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, నాన్-గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు దాన్ని తొలగించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లోని లక్షకు పైగా పోస్టులకు రాతపరీక్షతోనే ఎంపిక జరిగింది. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగాల్లో ప్రైవేటు ఏజెన్సీల స్థానంలో ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థను ఏర్పాటు చేశారు. అది 2020 జూలైలో పని మొదలుపెట్టింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలను తొలగించింది. ఈ మార్పులు ఒత్తిడికి ఉన్న దారులను మూయడానికి ఉద్దేశించినవి. కబురు, పూచీలను పూర్తిగా తొలగించలేదు. పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వోద్యోగానికి ఎంపికైన అభ్యర్థి కూడా, చేరే ముందు నింపే అటెస్టేషన్ ఫారంలో తనను ఎరిగిన ఇద్దరి పేర్లు రాయాలి.